హైదరాబాద్‌లో ఈసీఈనా, జిల్లాలో ఈఈఈనా, డొనేషన్ కట్టి సీఎస్‌ఈనా: వెబ్ ఆప్షన్ల ముందు వేసుకోవలసిన లెక్క

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ. జగిత్యాల దగ్గర ఊరు, వ్యవసాయం, ఆదాయ ధ్రువీకరణ పత్రంలో లక్షా ఇరవై వేలు. అమ్మాయికి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష టీజీ ఈఏపీసెట్‌లో సుమారు 18 వేల ర్యాంకు, బీసీ-డి. ఆమె తమ్ముడు ఇంటర్ మొదటి సంవత్సరం. చేతిలో ఉన్నది మూడు లక్షలు. ముందున్న దారులు మూడు: హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేటు అటానమస్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్), ఫీజు లక్షా నలభై వేలు, జిల్లాలోని ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్), ఫీజు యాభై వేలు, ఇవి రెండూ కాక, చుట్టాలందరూ చెబుతున్నట్టు ఆరు లక్షలు డొనేషన్ కట్టి మరో కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), ఏటా ఫీజు లక్షా ఇరవై వేలు.

ముందుగా ఒక విషయం. చాలామంది సీటు వచ్చాక కూర్చుని ఆలోచిద్దాం అనుకుంటారు. కౌన్సెలింగ్‌లో అలా కుదరదు. మీరు ఆన్‌లైన్‌లో కాలేజీ, బ్రాంచి ఆప్షన్లు పెట్టే వరుసే మీ నిర్ణయం. పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, మీ ర్యాంకుకు మొదట అందిన సీటును కంప్యూటర్ ఇచ్చేస్తుంది. ఆ తర్వాత మిగిలేది రెండు మూడు రోజుల గడువు, ఫీజు కట్టాలన్న హడావుడి. కాబట్టి డబ్బు లెక్క, బ్రాంచి సంగతి, ఇంట్లో మాట, మూడూ ఆప్షన్లు ఫ్రీజ్ (ఖరారు) చేయకముందే తేలాలి.

డబ్బుతో మొదలుపెడదాం. ఏడాది ఫీజు చూసి పోల్చకండి, నాలుగేళ్ల మొత్తం ఖర్చు కాగితం మీద పెట్టండి.

హైదరాబాద్ ఈసీఈ: ఫీజు 1,40,000లో ప్రభుత్వం భరించే భాగం (రీయింబర్స్‌మెంట్) 35,000 పోతే మీరు కట్టేది 1,05,000, నాలుగేళ్లకు 4.20 లక్షలు. పరీక్ష ఫీజు, స్పెషల్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు అంటూ ఏటా పదివేలు వేసుకోండి, 40 వేలు. హాస్టల్ నెలకు 8 వేలు, పది నెలలు, అంటే 3.20 లక్షలు. రానుపోను ఛార్జీలు, పుస్తకాలు, చేతిఖర్చు నెలకు రెండు వేల చొప్పున 80 వేలు. ల్యాప్‌టాప్ 50 వేలు. మొత్తం 9.10 లక్షలు.

జిల్లా ఈఈఈ: ఫీజులో మీకు మిగిలేది ఏటా 15 వేలు, అంటే 60 వేలు. హాస్టల్ మెస్ నెలకు మూడున్నర వేలు అనుకుంటే 1.40 లక్షలు. పరీక్ష ఫీజులు 20 వేలు, చేతిఖర్చు 60 వేలు, ల్యాప్‌టాప్ 50 వేలు. దీనికి ఇంకో 60 వేలు తప్పకుండా కలపండి: వేసవిలో ఇంటర్న్‌షిప్‌కో కోర్సుకో హైదరాబాద్‌లో ఉండాల్సి వస్తుంది. ఊళ్లోనే కదా అని ఈ పద్దు వదిలేసినవాళ్లకు మూడో ఏడు ఇబ్బంది ఎదురవుతుంది. మొత్తం 3.90 లక్షలు.

డొనేషన్ సీఎస్‌ఈ: 6 లక్షలు, ఫీజు 4.80, ఇతర ఫీజులు 40 వేలు, హాస్టల్ 3.20, చేతిఖర్చు 80 వేలు, ల్యాప్‌టాప్ 50 వేలు. మొత్తం 15.70 లక్షలు. ఇలా యాజమాన్యం నేరుగా ఇచ్చే సీట్లకు, అంటే మేనేజ్‌మెంట్ కోటాకు, రీయింబర్స్‌మెంట్ లేదు.

హాస్టల్, మెస్ అంకెలు నేను వేసుకున్న అంచనాలు. మీరు వెళ్లి అడిగి, అసలు అంకెలతో మార్చుకోండి. ఖర్చు పద్దులు మాత్రం ఒక్కటీ వదలకండి.

ఇప్పుడు రీయింబర్స్‌మెంట్ గురించి, ఎందుకంటే మీ లెక్కంతా దాని మీదే నిలబడి ఉంది. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు ర్యాంకు 10 వేల లోపు అయితే పూర్తి ఫీజు, ఆ పైన అయితే 35 వేల వరకు వస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు ఈ ర్యాంకు షరతు లేదు. బీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. మీకు అర్హత ఉంది. కానీ అర్హత ఉండటం వేరు, డబ్బు కాలేజీ ఖాతాలో పడటం వేరు. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయిన చరిత్ర ఉంది, కాలేజీలు ఆ భారాన్ని విద్యార్థుల మీదకు నెట్టడమూ ఉంది: ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం అంటాయి, లేదా చివర్లో సర్టిఫికెట్లు ఆపుతాయి. అందుకే ప్రతి కాలేజీకీ రెండు మొత్తాలు రాసుకోండి, రీయింబర్స్‌మెంట్ వస్తే ఒకటి, రాకపోతే ఒకటి. రాకపోతే హైదరాబాద్ 10.50 లక్షలు, జిల్లా కాలేజీ 5.30 లక్షలు. రెండో మొత్తం కూడా ఇల్లు మునగకుండా భరించగలిగితేనే ఆ కాలేజీని లిస్టులో పైన పెట్టండి.

రీయింబర్స్‌మెంట్ చేజారేది ఎక్కువగా చిన్న తప్పులతోనే. ఆదాయ ధ్రువీకరణ పత్రం ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. పాతది తీసుకెళ్తే వెరిఫికేషన్‌లో మీకు అర్హత లేనట్టు నమోదవుతుంది, అలాట్‌మెంట్ ఆర్డర్‌లో పూర్తి ఫీజు చూపిస్తుంది. వెరిఫికేషన్ కేంద్రంలో ఇచ్చే రసీదులో కేటగిరీ, ఆదాయం, లోకల్ స్టేటస్ సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే నిలబడి చదవండి. చేరాక ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో ప్రతి ఏడూ రెన్యువల్ చేయించాలి. హాజరు 75 శాతం కంటే తగ్గకూడదు. డిటెయిన్ అయితే (పై ఏడాదికి పంపకుండా ఆపేస్తే) ఆ ఏడాదికి రాదు. విడతలన్నీ ముగిశాక మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్‌లో చేరినా రాదు. కౌన్సెలింగ్ విడతల్లో వచ్చిన సీటు వదిలేసి, స్పాట్‌లో సీఎస్‌ఈ దొరుకుతుందిలే అని ఆగేవాళ్లు ఈ ఒక్క కారణంతోనే నాలుగేళ్లకు లక్షా నలభై వేలు పోగొట్టుకుంటారు.

డొనేషన్ సంగతి సూటిగా చెబుతాను: వద్దు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా (కౌన్సెలింగ్‌లో ర్యాంకు ప్రకారం ఇచ్చేవి), 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఫీజు నియంత్రణ కమిటీ టీఏఎఫ్‌ఆర్‌సీ నిర్ణయించిన ఫీజే, ఎన్‌ఆర్‌ఐ సీట్లను మినహాయిస్తే, మేనేజ్‌మెంట్ సీటుకూ వర్తించాలి. దాని పైన తీసుకునేది క్యాపిటేషన్ ఫీజు, 1983 నాటి చట్టమే దాన్ని నిషేధించింది. చట్టం సంగతి అటుంచినా, ఆ ఆరు లక్షలకు రసీదు ఉండదు. రసీదు లేని డబ్బుకు బ్యాంకు లోన్ రాదు. రేపు సీటు మానుకుంటే తిరిగి అడగడానికి చేతిలో కాగితం ఉండదు. పైగా మీరు పెట్టేది అప్పు తెచ్చిన సొమ్ము. తమ్ముడి చదువు రెండేళ్లలో మొదలవుతుంది, అప్పుడు మీ దగ్గర ఏమీ మిగలదు.

అయినా సీఎస్‌ఈ అన్న మాటకున్న ఆకర్షణ నాకు తెలుసు, అందుకే దాని లోపలికి వెళ్లి చూడమంటున్నాను. 2024-25 నుంచి ఒక బ్రాంచిలో ఎన్ని సీట్లుండాలన్న పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ తీసేసింది. ఇతర బ్రాంచీల సీట్లు తగ్గించుకుని సీఎస్‌ఈ, దాని పక్కన ఏఐ-ఎంఎల్, డేటా సైన్స్ పేర్లతో వందల సీట్లు పెట్టిన కాలేజీలున్నాయి. ఏఐసీటీఈ లెక్క 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు. ఏటా 600 మందిని చేర్చుకునే బ్రాంచిలో నాలుగేళ్లకు 2,400 మంది, అంటే 120 మంది అధ్యాపకులు కావాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో ఆ విభాగం ఫ్యాకల్టీ జాబితా తెరిచి పేర్లు లెక్కపెట్టండి. 60 పేర్లే కనిపిస్తే, అందులో సగం మంది నిరుడు చేరినవాళ్లే అయితే, మీ అమ్మాయికి ఎవరు పాఠం చెబుతారో అక్కడే తెలుస్తుంది. ఇది పావుగంట పని. ఈసీఈ, ఈఈఈలకు కూడా ఇలాగే చేయండి.

కాలేజీ నాణ్యతకు ఇంకా గట్టి ఆధారాలు కొన్ని ఉన్నాయి, అన్నీ ఉచితం. న్యాక్, ఎన్‌బీఏ అనేవి నాణ్యతను మదింపు చేసే సంస్థలు. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచికి ఇస్తారు, అదీ మూడేళ్లకో ఆరేళ్లకో. గేటు దగ్గర బోర్డు మీద ఎన్‌బీఏ అని ఉంటే సరిపోదు. మీరు చేరే బ్రాంచికి ఉందా, గడువు ఎప్పటిదాకా ఉంది అన్నది ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో చూడాలి. లోన్ వడ్డీ రాయితీకీ ఇది పనికొస్తుంది, కింద చెబుతాను.

అన్నిటికంటే పనికొచ్చేది కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీ సమర్పించిన డేటా. ర్యాంకు సంగతి వదిలేయండి. ఆ పీడీఎఫ్‌లో నాలుగేళ్ల కోర్సు పట్టిక ఒకటి ఉంటుంది: మొదటి ఏడాది ఎంతమంది చేరారు, సమయానికి ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత, పైచదువులకు ఎంతమంది వెళ్లారు. పాల్గొన్న ప్రతి కాలేజీ దీన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫ్లెక్సీల మీద కనిపించే గరిష్ఠ ప్యాకేజీ ఒక్కరిది. మధ్యస్థ జీతం అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. చేరిన వెయ్యి మందిలో సమయానికి పాసైంది 650 అయితే ఆ అంకె ప్లేస్‌మెంట్ కంటే పెద్ద మాట చెబుతోంది. ఒక లోపం మాత్రం గుర్తుంచుకోండి: ఆ పట్టిక అన్ని బ్రాంచీలకూ కలిపి ఉంటుంది. మీకు కావలసింది ఈసీఈది. అందుకే ప్లేస్‌మెంట్ ఆఫీసును ఒకే ప్రశ్న అడగండి: "నిరుడు ఈసీఈలో ఎంతమంది పాసయ్యారు, అందులో ఎంతమంది మనుషులకు ఉద్యోగం వచ్చింది?" ఆఫర్ల సంఖ్య చెబితే ఒప్పుకోవద్దు, ఒకరికే మూడు ఆఫర్లు రావచ్చు. తర్వాత ఆ బ్రాంచిలో మూడో, నాలుగో ఏడు చదివేవాళ్లను ముగ్గురిని విడివిడిగా అదే ప్రశ్న అడగండి. జవాబులు కలవకపోతే ఆఫీసు అంకెను పక్కన పెట్టండి.

ఈసీఈ, ఈఈఈ మధ్య ఎంపిక మీరు చేసేది కాదు, అమ్మాయి చేయాల్సింది. ఈసీఈలో రెండో ఏడు నుంచే సిగ్నల్స్, ఎలక్ట్రానిక్ పరికరాలు, కమ్యూనికేషన్లు. ఈఈఈలో ఎలక్ట్రికల్ మెషీన్లు, పవర్ సిస్టమ్స్. రెండిట్లోనూ గణితం గట్టిగా ఉంటుంది. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పాఠాలు రెండు, ఎలక్ట్రికల్ మెషీన్లవి రెండు చూడమనండి. అంతా అర్థం కానక్కర్లేదు, ఏది వింటుంటే ఇంకాస్త విందాం అనిపిస్తోందో అడగండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే లక్ష్యమైతే చాలా కంపెనీలు ఈసీఈ, ఈఈఈ వాళ్లను కూడా పరీక్ష రాయనిస్తాయి. కాకపోతే ఆ కంపెనీలు ఆ కాలేజీకి రావాలి, అసలు తేడా అక్కడ ఉంది. 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా చేసి కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ డిగ్రీ తీసుకునే వీలు కూడా ఉంది. మీరు చూసే కాలేజీలో దాన్ని నిజంగా నడుపుతున్నారో లేదో కనుక్కోండి. ఈఈఈకి మరో బలం విద్యుత్ సంస్థల్లో అసిస్టెంట్ ఇంజినీర్ పోస్టులు, గేట్ పరీక్ష ద్వారా పీఎస్‌యూల్లో (ప్రభుత్వ రంగ సంస్థల్లో) ఉద్యోగాలు. నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు కాబట్టి దాని ఒక్కదాని మీదే ఆధారపడవద్దు.

లోన్ దగ్గరికి వద్దాం. హైదరాబాద్ కాలేజీకి మీ మూడు లక్షలు పోగా సుమారు ఆరు లక్షలు కావాలి. ఏటా లక్షన్నర చొప్పున తీసుకుని, వడ్డీ 10 శాతం అనుకుంటే, కిస్తీ కట్టనక్కర్లేని మారటోరియం కాలంలో (చదువు నాలుగేళ్లు, ఆ తర్వాతి ఏడాది) 2.10 లక్షల వడ్డీ పేరుకుంటుంది. అసలు 8.10 లక్షలవుతుంది. పదేళ్లకు నెలవారీ కిస్తీ సుమారు 10,700. అదే ఆ ఐదేళ్లూ వడ్డీ ఎప్పటికప్పుడు తీరుతూ ఉంటే కిస్తీ 7,930 దగ్గర ఆగుతుంది. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవాళ్లకు మారటోరియం కాలం వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. వృత్తి, సాంకేతిక కోర్సులకు, న్యాక్ గుర్తింపు ఉన్న కాలేజీలకు లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న బ్రాంచీలకు వర్తిస్తుంది. మీ ఆదాయానికి ఇది సరిపోతుంది, కానీ దానంతట అదే రాదు. లోన్ మంజూరయ్యేటప్పుడే బ్యాంకులో అడిగి, ఆదాయ పత్రం ఇచ్చి నమోదు చేయించుకోవాలి.

నాలుగు లక్షల వరకు తాకట్టు గానీ, మీ వాటా డబ్బు గానీ అడగరు. ఆ పైన ఏడున్నర లక్షల వరకు ప్రభుత్వ క్రెడిట్ గ్యారంటీ (రుణ హామీ) పథకం కింద తాకట్టు లేకుండానే ఇవ్వవచ్చు, 5 శాతం మార్జిన్ (మీ వాటా) మీరు పెట్టాలి. పంట రుణం బకాయి ఉంటే ఫైలు అక్కడే ఆగిపోవచ్చు, ఎందుకంటే సహ రుణగ్రహీతగా మీ పేరు ఉంటుంది. అందుకని ఆప్షన్లు పెట్టకముందే మీ ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లి, సీటు వస్తే ఇస్తారా, ఏ కాగితాలు కావాలి అని అడగండి. అలాట్‌మెంట్ ఆర్డర్, లెటర్‌హెడ్ మీద నాలుగేళ్ల ఫీజు వివరం, పాన్, ఆదాయ పత్రం ఎలాగూ అడుగుతారు. హాస్టల్ ఖర్చు, ల్యాప్‌టాప్ కూడా ఆ వివరంలో ఉంటే లోన్‌లో కలుపుతారు.

ఎంత అప్పు చేయవచ్చు అన్నదానికి నేను చెప్పే హద్దు ఇది: కిస్తీ, ఆ కాలేజీ మధ్యస్థ జీతంలో చేతికొచ్చేదాంట్లో నాలుగో వంతు దాటకూడదు. మధ్యస్థం నాలుగున్నర లక్షలైతే నెలకు చేతికి 33 వేలకు అటూఇటూ వస్తుంది, నాలుగో వంతు ఎనిమిది వేల పైచిలుకు. అంటే వడ్డీ రాయితీ దక్కితే ఆరు లక్షల లోన్ సరిగ్గా హద్దు మీద ఉంది. మధ్యస్థం మూడున్నర లక్షలైతే హద్దు దాటినట్టే, అప్పుడు జిల్లా కాలేజీయే మంచిది.

ఇంట్లో విషయం. అమ్మకు కూతుర్ని అంత దూరం పంపడం భయం అని రాశారు. ఆ భయాన్ని వాదించి గెలవకండి. ఆప్షన్ల ముందు ఒకరోజు తల్లినీ కూతుర్నీ తీసుకుని హాస్టల్ చూడండి: గదికి ఎంతమంది, వార్డెన్ రాత్రి అక్కడే ఉంటారా, కాలేజీ నుంచి నడిచి వెళ్లే దూరమేనా, నీళ్లు, గేటు వేసే వేళ. కాలేజీ సొంత హాస్టల్‌లో అమ్మాయిలకు సీట్లు ఎన్ని, మొదటి ఏడాది వాళ్లకు ఖాయంగా ఇస్తారా అని ఆఫీసులో అడగండి. బయటి హాస్టల్ తప్పదంటే ఖర్చు మారుతుంది, అమ్మ భయమూ న్యాయమే అవుతుంది. రోజూ బస్సులో వెళ్లి రావడం అనే మధ్యేమార్గం ఒకవైపు గంట దాటితే వద్దు. హాజరు పడిపోయేది, ల్యాబ్ రికార్డులు ఆగిపోయేది అక్కడే.

తమ్ముడి లెక్క కూడా అక్క ముందే వేయండి. అతనికి రెండేళ్ల తర్వాత ఎంత కావచ్చు, ఎక్కడినుంచి వస్తుంది అన్నది ఇద్దరు పిల్లలకూ తెలియాలి. ఆడపిల్లకు తక్కువ ఖర్చు కాలేజీ, మగపిల్లాడికి పొలం అమ్మైనా పెద్ద కాలేజీ అని మనసులో ఉంటే, అది ఇప్పుడే బయటికి చెప్పుకుని సరిదిద్దుకోండి. ఇద్దరికీ ఒకే హద్దు పెట్టండి.

ఇక ఆప్షన్లు. నిరుటి చివరి ర్యాంకుల జాబితాలో బీసీ-డి అమ్మాయిల కాలమ్ చూడండి, ఓసీ కాలమ్ కాదు. ప్రతి కేటగిరీలో మూడో వంతు సీట్లు అమ్మాయిలవి కాబట్టి తేడా గణనీయంగా ఉంటుంది. సీట్ల సంఖ్య ఏటా మారుతోంది, కనుక 20 శాతం అటూఇటూ వదిలి అంచనా వేయండి. (ఇది చదివే ఎస్సీ విద్యార్థులకు ఒక మాట: 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో వర్గీకరణ అమల్లోకి వచ్చింది, అంతకుముందరి ఎస్సీ చివరి ర్యాంకులతో పోల్చుకోవద్దు.) అందదేమో అనిపించినా, ఖర్చు మీ హద్దులో ఉండే మంచి కాలేజీలను పైన పెట్టండి, నష్టం ఏమీ లేదు. వస్తే చేరం అనుకున్నదాన్ని మాత్రం ఎక్కడా పెట్టవద్దు. మీ విషయంలో నా వరుస: అందే అవకాశమున్న మంచి కాలేజీల్లో కన్వీనర్ కోటా సీఎస్‌ఈ, ఐటీ, తర్వాత, పైన చెప్పిన మధ్యస్థ జీతం పరీక్ష నెగ్గితే, హైదరాబాద్ ఈసీఈ, ఆ వెంటనే జిల్లా కాలేజీలో ఈసీఈ, ఈఈఈ. పరీక్ష నెగ్గకపోతే జిల్లా కాలేజీ పైకి వస్తుంది.

రెండో విడతలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. అక్కడ ఆప్షన్లు కొత్తగా పెట్టాలి, మొదటి విడతవి లెక్కలోకి రావు. కొత్త సీటు వస్తే పాతది దానంతట అదే పోతుంది, మళ్లీ రాదు. కాబట్టి చేతిలో ఉన్నదానికంటే నిజంగా మెరుగైనవి మాత్రమే పెట్టండి. మొదటి విడత జాబితానే మళ్లీ దించేస్తే, ఉన్న సీటు కంటే కిందిది వచ్చే ప్రమాదం ఉంది.

కాలేజీలో రిపోర్ట్ చేసేటప్పుడు టీసీ ఒరిజినల్ ఇచ్చి, మిగతా అన్నీ జిరాక్సులు ఇవ్వండి. పదో తరగతి, ఇంటర్ మెమోల ఒరిజినల్స్ కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ నిబంధనలే చెబుతున్నాయి, ఎవరైనా అడిగితే రాతపూర్వకంగా అడగమనండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. ఏ పద్దుకు ఎంత అన్నది దాని మీద విడివిడిగా ఉండాలి, లోన్‌కూ రీఫండ్‌కూ అదే కావాలి. సీటు మానుకునే ఆలోచన వస్తే ప్రకటించిన చివరి తేదీకి ముందే ఆన్‌లైన్‌లో రద్దు చేయండి, ఆ తేదీ దాటాక తిరిగొచ్చే మొత్తం తగ్గిపోతుంది.